నెట్ ఎక్కడిదాకా వచ్చింది?



కరెంటు బిల్లు కట్టాలని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. లేదా అమ్మాయి హాల్ టికెట్ తీయాలి. బ్రౌజర్ తెరిచారు. అది క్రోమ్ కావచ్చు, ఫైర్‌ఫాక్స్ కావచ్చు, ఎడ్జ్ కావచ్చు. అడ్రసు కొట్టారు. గుండ్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. చివరికి తెల్లటి పేజీ మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి వచ్చాయి. క్రోమ్‌లో అయితే ఒక్కోసారి పైన చిన్న డైనోసార్ బొమ్మ కూడా కనబడుతుంది.

అప్పుడు మనం ఏం చేస్తాం? ఆ పేజీనే మళ్లీ మళ్లీ రీఫ్రెష్ కొడతాం. రూటర్ స్విచ్ ఆపి వేస్తాం. కంప్యూటర్ ఆపి వేస్తాం. ఎవరో చెప్పారని ఏదో సెట్టింగ్ మారుస్తాం. ఈ హడావుడిలో ఎప్పుడో నెట్ వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుంటాం. కానీ దేనివల్ల పోయిందో తెలీదు. దేనివల్ల వచ్చిందో అంతకన్నా తెలీదు. అందుకే ఇంకోసారి పోయినప్పుడు మళ్లీ అదే తంతు.

ఇవాళ నేను మీకు చెప్పబోయేది ఒక్కటే మాట. నెట్ పోయినప్పుడు "నెట్ రావట్లేదు" అని ఆగిపోకండి. "ఎక్కడిదాకా వచ్చి ఆగింది?" అని అడగండి. ఆగిన చోటు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

కుళాయి సంగతి చూడండి. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. వెంటనే మున్సిపాలిటీకి ఫోన్ చేస్తామా? చెయ్యం. ముందు బాత్రూంలో కుళాయి తిప్పి చూస్తాం. అక్కడ ధారగా వస్తుంటే, తేడా వంటింటి కుళాయిలోనే ఉంది. ఇంట్లో ఎక్కడా రాకపోతే మేడెక్కి ట్యాంకు చూస్తాం. ట్యాంకు ఖాళీగా ఉంటే మోటారు చూస్తాం. అన్నీ బాగుంటే, అప్పుడు వీధి పైపు గురించి ఆలోచిస్తాం. ఇది మనకెవరూ నేర్పలేదు. దగ్గర నుంచి మొదలుపెట్టి దూరానికి వెళ్తాం. అంతే. నెట్‌కి కూడా సరిగ్గా ఇదే పద్ధతి.

మరి నెట్ మన దాకా ఏ దారిన వస్తుంది? మీ బ్రౌజర్ ఉంది. అది కంప్యూటర్‌లో ఉంది. కంప్యూటర్ నుంచి వైఫై మీదుగానో, తీగ మీదుగానో రూటర్‌కి దారి. రూటర్ నుంచి ఫైబర్ తీగ ఇల్లు దాటి వీధిలోకి వెళ్తుంది. అక్కడి నుంచి నెట్ కంపెనీకి. కంపెనీ నుంచి బయటి ప్రపంచానికి. ఆ చివర ఎక్కడో మీరు అడిగిన వెబ్‌సైట్ ఉన్న సర్వర్. ఈ దారిలో ఎక్కడ తెగినా మీ తెర మీద కనబడేది దాదాపు ఒకటే. పేజీ రాదు. అందుకే మనకి తికమక.

ఆ తికమక తీరడానికి మూడు ప్రశ్నలు చాలు. ఒక్క సైటు రావట్లేదా, ఏ సైటూ రావట్లేదా? ఇది మొదటిది. ఒక్క కంప్యూటర్‌లోనేనా, ఇంట్లో అన్నిట్లోనా? ఇది రెండోది. తేడా ఇంటి లోపలా, ఇంటి బయటా? ఇది మూడోది. మళ్లీ చెప్తున్నాను. ఒక్క సైటా, అన్ని సైట్లా? ఒక్క కంప్యూటరా, అన్నీనా? ఇంటి లోపలా, బయటా?

మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఒక్క సైటా, అన్ని సైట్లా?

ఇంకో సైటు తెరిచి చూడండి. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. రోజూ చూసే పేజీ తెరవకండి. బ్రౌజర్ పాత పేజీల నకళ్లు దాచుకుంటుంది. నెట్ లేకపోయినా ఒక్కోసారి నిన్నటి పేజీనే చూపిస్తుంది. మనం నెట్ ఉందనుకుంటాం. అందుకని ఇంతవరకు వెతకని మాట ఏదైనా వెతకండి. ఏదో ఒక ఊరి పేరు కొట్టండి. ఫలితాలు వస్తే నెట్ ఉన్నట్టే. అప్పుడు మీ రూటర్‌ది తప్పు కాదు. మీ కంపెనీది కూడా కాకపోవచ్చు. తేడా ఆ ఒక్క సైటు దారిలో ఉంది.

పరీక్షా ఫలితాలు వచ్చే రోజు గుర్తు తెచ్చుకోండి. లక్షల మంది ఒకే నిమిషంలో ఒకే సైటు మీద పడతారు. సర్వర్ అందరికీ జవాబు చెప్పలేక చేతులెత్తేస్తుంది. అప్పుడు తెర మీద 502 అనో, 503 అనో ఒక నంబరు కనబడుతుంది. ఐదు వందల్లో నంబరు కనబడితే తేడా అవతలి వైపు ఉందని గుర్తు. మీరు చేయగలిగింది కాసేపు ఆగడమే. 404 అని వస్తే ఆ పేజీ అక్కడ లేదని అర్థం. అడ్రసులో అక్షరం తప్పిందేమో చూసుకోండి. నిజానికి ఈ నంబర్లు కనబడటం ఒక రకంగా మంచి కబురే. మీ మాట అవతలి సర్వర్ దాకా వెళ్లింది, జవాబు తిరిగి వచ్చింది. అంటే మీ ఇంటి నెట్ బాగానే ఉంది.

పెద్ద కంపెనీలకి కూడా ఇలా జరుగుతుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. మన దగ్గర అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. దాదాపు ఆరు గంటల పాటు ప్రపంచంలో ఎక్కడా రాలేదు. మరమ్మతు పనిలో వాళ్లిచ్చిన ఒక ఆదేశం వాళ్ల సొంత నెట్‌వర్క్‌నే విడదీసేసింది. ఆ రాత్రి మనం ఇంట్లో రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. వేరే సైటు ఒక్కటి తెరిచి చూసి ఉంటే, అర నిమిషంలో సంగతి తెలిసిపోయేది.

సరే, ఆ సైటు మిగతా అందరికీ వస్తోంది, మీకే రావట్లేదు. అప్పుడేం చెయ్యాలి? బ్రౌజర్‌లో ప్రైవేట్ కిటికీ అని ఒకటి ఉంటుంది. క్రోమ్‌లోనూ, ఎడ్జ్‌లోనూ కంట్రోల్, షిఫ్ట్, ఎన్, మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి నొక్కాలి. పాత కుకీలు, అంటే సైట్లు మీ బ్రౌజర్‌లో దాచుకున్న గుర్తులు, ఈ కిటికీలోకి రావు. బ్రౌజర్‌కి మనం తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లు కూడా మామూలుగా ఇందులో పనిచెయ్యవు. మొండికేసిన సైటు ఇక్కడ తెరుచుకుంటే, పాత కుకీలో, ఎక్స్‌టెన్షనో అడ్డం పడుతున్నాయని తేలిపోయింది. అప్పుడు ఆ ఒక్క సైటు తాలూకు డేటా తుడవండి. తొందరపడి మొత్తం తుడిచేస్తే లాగిన్ అయి ఉన్న సైట్లన్నిట్లోంచీ బయటికి వచ్చేస్తారు. పాస్‌వర్డులు గుర్తులేకపోతే అదో కొత్త బాధ.

ఇంకో రకం హెచ్చరిక ఉంది. "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఇంగ్లీషులో వస్తుంది. ఒకటి కాదు, చాలా సైట్లకి ఇలాగే వస్తుంటే ముందు కంప్యూటర్‌లో తేదీ చూడండి. అవును, తేదీయే. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో అది 2032 నంబరు బ్యాటరీ. కంప్యూటర్ ఆపేసినా గడియారం నడిచేది దాంతోనే. అది అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. దాదాపు ప్రతి సైటుకీ ఒక ధ్రువపత్రం ఉంటుంది. దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ ఇంకా పాత సంవత్సరంలోనే ఉంటే, ఆ పత్రం చెల్లదని బ్రౌజర్ ఆపేస్తుంది. తేదీ సరిచేస్తే సైట్లన్నీ తెరుచుకుంటాయి. బ్యాటరీ మారిస్తే బాధ మళ్లీ రాదు. కానీ తేదీ సరిగ్గానే ఉండి, బ్యాంకు సైటులో ఆ హెచ్చరిక వచ్చిందనుకోండి. అక్కడే ఆగిపోండి. పర్లేదులే అని ముందుకు వెళ్లకండి. పాస్‌వర్డ్ అసలే కొట్టకండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఏ సైటూ రావట్లేదు. అయితే ఒక్క కంప్యూటర్‌లోనేనా, ఇంట్లో అన్నిట్లోనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఫోన్‌లో వస్తోంది కదా, కంప్యూటరే పాడైంది" అంటారు. ఫోన్‌లో నెట్ వస్తోంది, నిజమే. కానీ ఏ దారిన వస్తోంది? వైఫైలో నెట్ లేకపోతే చాలా ఫోన్లు మనకి చెప్పకుండానే సిమ్ డేటాకి మారిపోతాయి. మనం వైఫై అనుకుంటూనే ఉంటాం. అందుకని ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. వైఫై మాత్రమే ఉంచండి. అప్పుడు ఏదైనా కొత్తది వెతికి చూడండి. ఇది గుర్తుంచుకోండి. మొబైల్ డేటా ఆపకుండా చేసిన పరీక్ష పరీక్షే కాదు.

డేటా ఆపాక కూడా ఫోన్‌లో వస్తుంటే రూటర్ బాగుంది, లైను బాగుంది. తేడా కంప్యూటర్‌లోనే ఉంది. ఫోన్‌లోనూ రాకపోతే కంప్యూటర్‌ని వదిలేయండి. దాని మీద చెయ్యి వెయ్యకండి. మూడో ప్రశ్నకి వెళ్లిపోండి.

తేడా కంప్యూటర్‌లోనే అని తేలిందనుకుందాం. ముందు ఇంకో బ్రౌజర్ తెరిచి చూడండి. విండోస్‌తో పాటు ఎడ్జ్ ఎలాగూ వస్తుంది. ఎడ్జ్‌లో వచ్చి క్రోమ్‌లో రాకపోతే, తేడా ఒక్క క్రోమ్‌లోనే. దాన్ని పూర్తిగా మూసి తెరవండి. ఈ మధ్య పెట్టిన ఎక్స్‌టెన్షన్లు, ముఖ్యంగా ఉచిత వీపీఎన్‌లు, ఒక్కొక్కటే ఆపి చూడండి. ఎర్రర్‌లో ప్రాక్సీ అనే మాట కనబడితే, విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ భాగంలో ప్రాక్సీ అని ఉన్నచోటికి వెళ్లండి. ఆఫీసు వాళ్లు పెట్టమంటే తప్ప ఇంటి కంప్యూటర్‌కి దాంతో పని లేదు. ఆపెయ్యండి.

కంప్యూటర్ మరీ పాతదైతే ఇంకో చిక్కు ఉంది. విండోస్ సెవెన్‌కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది. 2023 నుంచి కొత్త క్రోమ్ దాని మీద ఎక్కదు. 109వ వెర్షన్‌తో సరి. ఆ కంప్యూటర్‌లో కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే నెట్ వాళ్లతో పోట్లాడి లాభం లేదు.

ఏ బ్రౌజర్‌లోనూ రాకపోతే? ముందు చిన్నవి చూడండి. ల్యాప్‌టాప్‌లో ఏరోప్లేన్ మోడ్ పడిందేమో. చెయ్యి తగిలి పడుతుంటుంది. వైఫై పేరు మీదేనా, పొరపాటున పక్కింటివాళ్లదా? తీగతో పెట్టుకున్నవాళ్లు తీగ కొనల్ని ఓసారి తీసి గుచ్చండి. ఆ కొనకి ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. అది విరిగితే తీగ పెట్టినట్టే కనబడుతుంది, కానీ వదులుగా ఉంటుంది. సరిగ్గా కూర్చుంటే టక్కుమని శబ్దం వస్తుంది. పక్కన చిన్న లైటు వెలుగుతుంది. ఆ తర్వాత కంప్యూటర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఇప్పటి విండోస్ షట్‌డౌన్ చేసినా కొంత పని దాచిపెట్టుకుని, అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ అంటేనే మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన తేడా గురించి చెప్పాలి. ఇది ఒక్క కంప్యూటర్‌లోనూ రావచ్చు, ఇంట్లో అన్నిట్లోనూ రావచ్చు. నెట్ ఉంటుంది, కానీ బ్రౌజర్‌కి సైటు దొరకదు. ఎందుకని? మనం సైటుని పేరుతో పిలుస్తాం. నెట్‌వర్క్‌కి పేర్లు తెలీవు. దానికి నంబర్లే తెలుసు. పేరు చెప్తే నంబరు ఇచ్చే ఏర్పాటు ఒకటి కావాలి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే అమెరికన్ ఈ పద్ధతి తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. ఇంట్లో మామూలుగా ఈ పని నెట్ కంపెనీ సర్వరే చేస్తుంది. అది మొరాయిస్తే లైను బాగున్నా పేజీలు రావు. క్రోమ్ చూపించే ఎర్రర్‌లో డీఎన్ఎస్ అనే మూడు అక్షరాలు కనబడితే ఇదేనని అనుమానించండి.

అనుమానం తీర్చుకోవడం తేలిక. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సి-ఎం-డి అని కొట్టండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, నాలుగు ఎనిమిదులు కొట్టండి. మధ్యలో చుక్కలు పెట్టండి. అంటే 8.8.8.8. ఎంటర్ నొక్కండి. ఇది గూగుల్ వాళ్లు అందరి కోసం నడిపే డీఎన్ఎస్ సర్వర్ నంబరు. "రిప్లై ఫ్రమ్" అని వరసలు వస్తే మీ మాట బయటికి వెళ్లి తిరిగి వచ్చినట్టే. ఇప్పుడు నంబరు బదులు ఏదైనా పెద్ద సైటు పేరు పెట్టి మళ్లీ కొట్టండి. నంబరుకి జవాబు వచ్చి, పేరు మాత్రం దొరకలేదంటే ఇక సందేహం లేదు. తేడా డీఎన్ఎస్‌దే.

ఈ పింగ్‌ని మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజినీరు 1983 డిసెంబర్‌లో రాశారు. ఆయన పనిచేసే చోట నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తోంది. ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవాలి. అందుకోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఇది. చూశారా, ఆయన అడిగిన ప్రశ్న కూడా మనదే. ఎక్కడిదాకా వెళ్లి ఆగింది?

డీఎన్ఎస్ తేడా అయితే, ముందు రూటర్ ఒకసారి ఆపి వెయ్యండి. అయినా కుదరకపోతే కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ దగ్గర ఆ నాలుగు ఎనిమిదులే పెట్టుకోవచ్చు. నాలుగు ఒకట్లు కూడా పెట్టుకోవచ్చు. 1.1.1.1. అది క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ 2018 నుంచి నడుపుతున్నది. రెండూ ఉచితమే. మార్చేముందు అక్కడ ఏం ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది మరిచిపోకండి.

ఇక మూడో ప్రశ్న. కంప్యూటర్‌లో రాదు, డేటా ఆపితే ఫోన్‌లోనూ రాదు. అయితే తేడా ఇంటి లోపలా, ఇంటి బయటా?

ముందు ఒక అపోహ తీసెయ్యాలి. తెర మూల వైఫై గీతలు నిండుగా కనబడతాయి. "సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ ఎందుకు రాదు?" అంటాం. ఆ గీతలు చెప్పేది మీ కంప్యూటర్‌కీ, రూటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. రూటర్ అవతల ఏముందో వాటికి తెలీదు. కుళాయి మెరుస్తోందని ట్యాంకులో నీళ్లున్నట్టా? కాదు కదా.

అందుకని లేచి రూటర్ దగ్గరికి వెళ్లండి. దాని లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే, ఆ తీగ వచ్చి చేరే బాక్సు మీద చాలావాటిలో రెండు లైట్లు ముఖ్యం. ఒకదాని దగ్గర పి-ఓ-ఎన్, పాన్ అని ఉంటుంది. అది పచ్చగా నిలకడగా వెలగాలి. ఇంకోదాని దగ్గర ఎల్-ఓ-ఎస్ అని ఉంటుంది. అది ఆరిపోయి ఉండాలి. ఎల్-ఓ-ఎస్ ఎర్రగా కొట్టుకుంటుంటే, బయటి నుంచి రావాల్సిన వెలుగు మీ బాక్సు దాకా రావట్లేదు. బాక్సు వెనక ఫైబర్ కొన ఊడిందేమో చూడండి. బీరువాకీ గోడకీ మధ్య నలిగిందేమో చూడండి. అందులో ఉండేది వెంట్రుకంత సన్నని గాజు. మరీ మడత పడితే వెలుగు దాటదు. ఒక్క జాగ్రత్త. ఊడిన కొనని కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనబడదు, కానీ హాని చెయ్యగలదు.

ఇంట్లో తీగ బాగుండి, ఎరుపు అలాగే ఉంటే తేడా వీధిలో ఉంది. కొమ్మ విరిగి తీగ మీద పడి ఉండొచ్చు. ఎత్తైన లోడుతో వెళ్లిన లారీ లాగేసి ఉండొచ్చు. కోతులు వేలాడి ఉండొచ్చు. దానికి మీరు చేసేది ఏమీ లేదు. ఫోన్ చెయ్యడమే. కరెంటు పోయినప్పుడు కూడా ఇలా అవుతుంది. ఇన్వర్టర్ మీద మీ రూటర్ వెలుగుతూనే ఉంటుంది. కానీ వీధి చివర నెట్ వాళ్ల పరికరానికి కరెంటు ఉండాలి కదా.

లైట్లన్నీ బాగుండి నెట్ లేకపోతే, ముందు రీఛార్జ్ చూసుకోండి. ప్లాన్ అయిపోతే వైఫై ఉంటుంది, లైట్లు ఉంటాయి, నెట్ ఉండదు. ఒక్కోసారి ఏ సైటు కొట్టినా డబ్బు కట్టమనే పేజీయే వస్తుంది.

ప్లాన్ ఉంది. అయినా రావట్లేదు. ఇప్పుడు రూటర్ ఆపి వెయ్యండి. పద్ధతిగా వెయ్యండి. స్విచ్ ఆపండి. ముప్ఫై దాకా లెక్కపెట్టండి. ఫైబర్ బాక్సు, రూటర్ విడివిడిగా ఉంటే ముందు ఫైబర్ బాక్సు వెయ్యండి. దాని లైట్లు కుదుటపడ్డాక రూటర్ వెయ్యండి. మూడు నాలుగు నిమిషాలు ఓపిక పట్టండి. రూటర్ వెనక సన్నటి రంధ్రం ఉంటుంది. పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ అది. దాని జోలికి పోకండి. స్విచ్ ఆపి వేస్తే సెట్టింగులు పోవు. రీసెట్ నొక్కితే మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, కంపెనీ వాళ్లు పెట్టిన లాగిన్, అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. చిన్న తేడా కాస్తా పెద్దదవుతుంది.

నెట్ అసలు రాకపోవడం వేరు, వచ్చీ రానట్టు ఉండటం వేరు. రెండో రకమైతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి రూటర్ పక్కనే కూర్చోండి. అక్కడ బాగుంటే తేడా వైఫైది. చాలా రూటర్లు రెండు వైఫైలు ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడలు దాటడం కష్టం. 2.4 గిగాహెర్ట్జ్‌ది నెమ్మది, కానీ దూరం వెళ్తుంది. దూరపు గదిలో ఉన్నవాళ్లు రెండోది పెట్టుకోండి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు ఈ రెండోదానికి ఇబ్బంది రావచ్చు. ఓవెన్‌దీ, ఈ వైఫైదీ దాదాపు ఒకే తరంగం. రూటర్‌ని టీవీ వెనకో, ఇనప బీరువా మీద మూలకో పెట్టకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టండి.

ఇంకా ఎటూ తేలకపోతే ఒక్క పరీక్ష ఉంది. ఫోన్‌లో మొబైల్ డేటా వేసి హాట్‌స్పాట్ ఆన్ చెయ్యండి. కంప్యూటర్‌ని దానికి కలపండి. సైట్లు తెరుచుకుంటే కంప్యూటర్ నిక్షేపంగా ఉంది, తేడా ఇంటి రూటర్‌దో, లైనుదో. ఫోన్‌లో డేటా వస్తూ, ఈ దారిన కంప్యూటర్‌లో రాకపోతే తేడా కంప్యూటర్‌ది. రెండే నిమిషాల్లో తేలిపోతుంది. అత్యవసరమైన పని ఉంటే ఆ హాట్‌స్పాట్ మీదే పూర్తిచేసుకోవచ్చు. పని అయ్యాక ఆపడం మరిచిపోకండి. లేకపోతే కంప్యూటర్ అప్‌డేట్లు మీ డేటా అంతా తాగేస్తాయి.

ఏది చేసినా ఒక్క నియమం పాటించండి. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చాక చూడండి. ఫలితం లేకపోతే, మార్చినదాన్ని మళ్లీ పాతచోట పెట్టి, అప్పుడు రెండోది పట్టుకోండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. పైగా ఆ నాలుగింట్లో ఒకటి కొత్త తేడా తెచ్చిపెట్టినా తెలీదు.

చివరికి కంపెనీకి ఫోన్ చెయ్యాల్సి వచ్చిందనుకోండి. "నెట్ రావట్లేదండీ" అంటే వాళ్లు కంప్యూటర్ ఆపి వెయ్యమని మొదటి నుంచి మొదలుపెడతారు. అలా కాకుండా ఇలా చెప్పండి. "ఫోన్‌లోనూ రావట్లేదు, కంప్యూటర్‌లోనూ రావట్లేదు. రూటర్ ఆపి వేశాను. ఎల్-ఓ-ఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది." ఈ మూడు మాటలతో సంగతి వాళ్లకి అర్థమైపోతుంది. లైన్ చూసే మనిషినే పంపాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. పని జరగకపోతే అదే కంపెనీలో పై స్థాయిలో అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు ఆ నంబరే ఆధారం.

ఇక్కడొక ముఖ్యమైన హెచ్చరిక. నెట్ పోయిన కంగారులో ఫోన్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతాం. అలా దొరికే నంబర్లలో దొంగవి ఉంటాయి. తీయటి గొంతుతో మాట్లాడతారు. ఒక యాప్ పెట్టుకోండి, మేమే ఇక్కడి నుంచి బాగుచేస్తాం అంటారు. ఆ యాప్‌తో మీ ఫోన్ తెర అంతా వాళ్లకి కనబడుతుంది. ఓటీపీలతో సహా. బ్రౌజర్‌లోనే ఒక్కోసారి ఎర్రటి పేజీ వచ్చి, మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని మోత మోగిస్తుంది. అది కూడా మోసమే. బ్రౌజర్ మూసెయ్యండి. నిజమైన కంపెనీ ఏదీ అలా నంబరు ఇచ్చి పిలవదు. ఒకవేళ డబ్బు పోయిందా, క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. 1930.

అందుకే నెట్ బాగున్న రోజునే ఒక పని చేసి పెట్టుకోండి. బిల్లు మీద నుంచి కంపెనీ ఫిర్యాదు నంబరు, మీ కనెక్షన్ నంబరు ఒక కాగితం మీద రాయండి. మీ ఊళ్లో లైన్ చూసే మనిషి నంబరు కూడా రాయండి. కిందే ఆ మూడు ప్రశ్నలు రాయండి. ఒక్క సైటా, అన్ని సైట్లా? ఒక్క కంప్యూటరా, అన్నీనా? ఇంటి లోపలా, బయటా? ఆ కాగితం రూటర్ పక్కన గోడకి అంటించండి. పాస్‌వర్డులు మాత్రం దాని మీద రాయకండి.

మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఆ కాగితం చూసి ఫోన్‌లోనే మీకు సంగతి చెప్పగలుగుతారు. "నెట్ రావట్లేదురా" అనరు. "ఫోన్‌లో కూడా రావట్లేదు, ఎర్ర లైటు వెలుగుతోంది, కంపెనీకి ఫోన్ చేశాను" అంటారు. అక్కడి నుంచి మీకు అడగాల్సింది ఫిర్యాదు నంబరు ఒక్కటే.